హడ్సన్స్‌ని ముంచింది 1967 అల్లర్లేనా? (డెట్రాయిట్ డౌన్‌టౌన్ స్టోర్ కథ)

నోవై_నరేష్:
అందరికీ నమస్కారం. వుడ్‌వార్డ్ అవెన్యూ మీద కొత్తగా లేచిన టవర్‌ని హడ్సన్స్ అంటున్నారు కదా, ఆ పేరు ఎక్కడిదని ఆఫీసులో అడిగాను. యాభై దాటిన వాళ్ళందరూ ఒక్కసారిగా మొదలుపెట్టారు. అక్కడ పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ ఉండేదట, క్రిస్మస్‌కి పన్నెండో అంతస్తు మొత్తం బొమ్మలేనట, పైన పదమూడో అంతస్తులో భోజనానికి మారిస్ సలాడ్ అట. చివరికి "1967 గొడవలతో అంతా పోయింది" అని తేల్చేశారు, ఆ ఏడాది డెట్రాయిట్‌లో చెలరేగిన జాతి అల్లర్ల మాట అది. నేను వెతికి చూస్తే స్టోర్ మూసింది 1983 జనవరిలో. మధ్యలో పదిహేనేళ్ళకు పైగా ఉంది! అల్లర్లే కారణమైతే అన్నాళ్ళు ఎలా నడిచింది? ఇక్కడ చాలా కాలంగా ఉంటున్న వాళ్ళు, చరిత్ర చదివిన వాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. లింకులు వద్దు, మీ మాటల్లో కావాలి.

పాతమేడలు:
నరేష్ గారూ, మూతపడటం గురించి మాట్లాడే ముందు ఆ స్టోర్ ఎలా పెరిగిందో తెలియాలి. అది తెలియకపోతే ఎంత పోయిందో అంచనా అందదు.

జోసెఫ్ లోథియన్ హడ్సన్ 1846లో ఇంగ్లాండ్‌లోని న్యూకాసిల్‌లో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం కెనడాకి, అక్కణ్ణుంచి మిషిగన్‌కి వచ్చేసింది. తండ్రితో కలిసి అయోనియా అనే ఊళ్ళో బట్టల కొట్టు నడిపాడు. 1873లో వచ్చిన ఆర్థిక సంక్షోభం దెబ్బకి 1876లో దివాలా తీశాడు. అప్పులవాళ్ళకి డాలర్‌కి 60 సెంట్ల చొప్పున ఇచ్చి చేతులు దులుపుకున్నాడు, చట్టం ప్రకారం అంతటితో సరి. తర్వాత డెట్రాయిట్ వచ్చి మేబ్లీ అనే వ్యాపారి దగ్గర పనిచేసి, 1881లో డెట్రాయిట్ ఒపేరా హౌస్ కింది అంతస్తులో మగవాళ్ళ, మగపిల్లల బట్టల షాపు సొంతంగా పెట్టాడు. బాగా నిలదొక్కుకున్నాక 1888లో ఆ పాత అప్పులవాళ్ళందరినీ వెతికి పట్టుకుని, మిగిలిన బాకీ చక్రవడ్డీతో సహా తీర్చాడు. ఎవరూ అడగలేదు, కోర్టు చెప్పలేదు. ఆ ఒక్క పనితో హడ్సన్ అనే పేరుకి మార్కెట్లో వచ్చిన విలువ ఎన్ని ప్రకటనలిచ్చినా వచ్చేది కాదు.

1891లో ఫార్మర్, గ్రాషియట్ వీధుల మూల మీద ఎనిమిది అంతస్తుల భవనం కట్టాడు. సరుకు మీద ధర రాసి ఉంటుంది, బేరం లేదు, నచ్చకపోతే వాపసు ఇచ్చేయొచ్చు. ఈ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు, న్యూయార్క్‌లో స్టూవర్ట్, పారిస్‌లో బాన్ మార్షే నడిపిన బూసికో, ఫిలడెల్ఫియాలో వానమేకర్ అప్పటికే ఆ దారిలో ఉన్నారు. డెట్రాయిట్‌లో దాన్ని గట్టిగా పట్టుకున్నవాడు మాత్రం ఈయనే. ఇంకో సంగతి, 1909లో మొదలైన హడ్సన్ మోటార్ కార్ కంపెనీకి పెట్టుబడి పెట్టింది ఈయనే, కారుకి ఆ పేరు అలా వచ్చింది.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. 1912లో పోయాక వ్యాపారం అక్క చెల్లెళ్ళ వైపు వెబ్బర్ మేనల్లుళ్ళ చేతికి వచ్చింది. అసలు విశ్వరూపం వాళ్ళ హయాంలోనే. 1911 నుంచి 1946 దాకా ముక్కలు ముక్కలుగా కట్టుకుంటూ, పక్క షాపులు కొనుక్కుంటూ (1927లో న్యూకోంబ్ ఎండికాట్ అనే పాత స్టోర్‌ని కొని కూల్చి ఆ స్థలం కలిపేశారు) చివరికి బ్లాక్ మొత్తం ఆక్రమించారు. మధ్యలో 25 అంతస్తుల టవర్. మొత్తం వైశాల్యం 20 లక్షల చదరపు అడుగులు దాటింది. వైశాల్యంలో న్యూయార్క్ మేసీస్ తర్వాత ఇదే, ఎత్తులో అయితే ప్రపంచంలోని డిపార్ట్‌మెంట్ స్టోర్లన్నిటికంటే పొడవు. 1950ల మొదట్లో 12,000 మంది ఉద్యోగులు, రద్దీ రోజుల్లో లక్ష మంది కొనుగోలుదారులు, ఏడాది అమ్మకాలు 15 కోట్ల డాలర్ల పైన. ఆ రోజుల డాలర్లండి.

సుభద్ర_ట్రాయ్:
మేము 1976లో వచ్చాం. నేను చూసింది దాని చివరి రోజులే, అయినా మొదటిసారి లోపలికి అడుగుపెట్టినప్పుడు తల తిరిగింది. చెక్క పనితనం, ఇత్తడి తలుపుల లిఫ్ట్‌లు, ఏ అంతస్తులో ఏముందో చెప్పే పెద్ద బోర్డు. దారం రీలు నుంచి పియానో దాకా ఏదడిగినా అక్కడ ఉండేది. మాలాంటి కొత్తవాళ్ళకి బేస్‌మెంట్ స్టోర్ పెద్ద ఆధారం. అది కింద వేరే ప్రపంచం, తక్కువ ధర సరుకు, కానీ వాపసు రూలు పైన ఎంతో కిందా అంతే. చలికాలం కోటు అక్కడే కొన్నాను. భాష సరిగా రాని మనిషితో కౌంటర్ దగ్గర ఆవిడ ఎంత ఓపిగ్గా మాట్లాడిందో నాకు ఇప్పటికీ గుర్తే.

కానీ బాబూ, అప్పటికే బయట వీధి ఖాళీగా ఉండేది. సాయంత్రం ఐదు దాటితే మనుషులు కనపడేవారు కాదు. స్టోర్‌లో కూడా ఏడాదికేడాది ఒక్కో డిపార్ట్‌మెంటూ తీసేసుకుంటూ వచ్చారు. మా వీధిలో అందరూ ఊరి బయటి నార్త్‌లాండ్ మాల్‌కో ఓక్‌లాండ్ మాల్‌కో వెళ్ళేవారు. డౌన్‌టౌన్‌కి ఎందుకు వెళ్తున్నావు అని నన్ను వింతగా అడిగేవారు.

లెక్కలమాస్టారు:
నరేష్, జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టుకుని చూడు, సగం జవాబు అక్కడే ఉంది. డెట్రాయిట్ నగరం 1950లో దాదాపు 18.5 లక్షలు. అదే శిఖరం. 1960కి 16.7 లక్షలు. అంటే అల్లర్లకి చాలా ముందే పదేళ్ళలో ఇంచుమించు 1.8 లక్షల మంది తగ్గిపోయారు. 1970కి 15.1, 1980కి 12 లక్షలు. 2020కి 6.4 లక్షలు కూడా లేవు.

స్టోర్ పక్కనే కెర్న్స్ అని ఇంకో పేరున్న డిపార్ట్‌మెంట్ స్టోర్ ఉండేది. అది 1959లో మూతపడింది. 1967 కంటే ఎనిమిదేళ్ళ ముందు! దాన్ని ఏ అల్లరి మూసింది?

వుడ్‌వార్డ్_వాసి:
మాస్టారూ, మీ లెక్కలు సరైనవే, కానీ వాటిలోనే ఇంకో మాట ఉంది, దాన్ని దాటేస్తున్నారు. 60ల్లో తగ్గింది 1.6 లక్షలైతే 70ల్లో తగ్గింది 3 లక్షల పైన. ఆ వేగం ఎక్కణ్ణుంచి వచ్చింది? 1967 జూలైలో ఐదు రోజుల్లో 43 మంది చనిపోయారు, సైన్యం దిగింది. ఆ తర్వాత సబర్బ్‌లలో ఉన్నవాళ్ళు డౌన్‌టౌన్‌కి రావడమంటేనే భయపడ్డారు. షాపింగ్ అనేది మనసుకి సంబంధించిన పని, టెన్షన్ పడుతూ ఎవరూ పరుపులు కొనుక్కోరు. స్టోర్ భవనానికి ఏమీ కాకపోవచ్చు, దాని మీద నమ్మకానికి అయింది. పదిహేనేళ్ళు ఎలా నడిచిందని నరేష్ అడిగాడు. అంత పెద్ద సంస్థ ఒక్కరోజులో పడదు, పాత ఖాతాదారుల అలవాటు మీద కొన్నేళ్ళు లాగుతుంది. మా ఇంటి ఓనరు పెద్దాయన 1967 దాకా ప్రతి శనివారం డౌన్‌టౌన్ వెళ్ళేవాడట, ఆ వేసవి తర్వాత మళ్ళీ వెళ్ళలేదట. ఆయన ఒక్కడే కాదు కదా.

లెక్కలమాస్టారు:
వేగం పెరిగిందని ఒప్పుకుంటా. పతనం మొదలైంది అప్పుడే అంటే మాత్రం ఒప్పుకోను. 70ల్లో 1973 చమురు సంక్షోభం ఉంది, కార్ల ఫ్యాక్టరీల లేఆఫ్‌లు ఉన్నాయి. అన్నీ 67 ఖాతాలో వేస్తే ఎలా?

పాతమేడలు:
ఇద్దరూ ఒక ముఖ్యమైన పాత్రని వదిలేశారు, హడ్సన్స్ కంపెనీని. డౌన్‌టౌన్ స్టోర్‌కి మొదటి పోటీ పెట్టింది బయటివాళ్ళు కాదు, వాళ్ళే.

1954 మార్చిలో, నగరానికి ఉత్తర సరిహద్దు అయిన ఎయిట్ మైల్ రోడ్ దాటాక సౌత్‌ఫీల్డ్‌లో నార్త్‌లాండ్ సెంటర్ తెరిచారు. కట్టించింది జె.ఎల్. హడ్సన్ కంపెనీ, డిజైన్ విక్టర్ గ్రూయెన్‌ది. వియన్నా నుంచి నాజీలను తప్పించుకుని వచ్చిన ఆర్కిటెక్ట్ ఆయన. తెరిచిన రోజున అలాంటి షాపింగ్ సెంటర్లలో ప్రపంచంలోకెల్లా పెద్దది. మధ్యలో హడ్సన్స్, చుట్టూ వేలాది కార్లు పట్టే ఉచిత పార్కింగ్, నడవడానికి చెట్లూ శిల్పాలూ ఉన్న ఆవరణలు. 1957లో ఈస్ట్‌లాండ్, 1965లో వెస్ట్‌లాండ్, 1970లో సౌత్‌లాండ్. నాలుగు దిక్కులా నాలుగు. వెస్ట్‌లాండ్ సంగతి వింటే ఆశ్చర్యపోతారు, ఆ మాల్ వచ్చిన మరుసటి సంవత్సరం చుట్టుపక్కల నాంకిన్ టౌన్‌షిప్ నగరంగా మారి మాల్ పేరే పెట్టుకుంది! ఇప్పటికీ మ్యాపులో అదే పేరు.

కాబట్టి తన కొనుగోలుదారులు ఎటు వెళ్తున్నారో హడ్సన్స్‌కి అందరికంటే ముందే తెలుసు. డెలివరీ బండ్లు ఏ అడ్రసులకి తిరుగుతున్నాయో వాళ్ళ పుస్తకాల్లోనే ఉంటుంది. వాళ్ళ వెనకే వాళ్ళూ వెళ్ళారు. వ్యాపారంగా చూస్తే తప్పు పట్టలేం. కానీ ఒకే కంపెనీ సరుకు, అదే పేరు, అదే వాపసు రూలు ఇంటికి పది నిమిషాల దూరంలో దొరుకుతుంటే, పార్కింగ్‌కి డబ్బులు కట్టి డౌన్‌టౌన్‌కి ఎవరు వస్తారు? ఇది 1967కి పదమూడేళ్ళ ముందు మాట.

సీపీఏ_మూర్తి:
నాది పన్నుల వృత్తి కాబట్టి ఆ కోణం చెప్తాను, దీని గురించి జనం అస్సలు మాట్లాడరు.

1954లోనే అమెరికా పన్ను చట్టం మారింది. కొత్తగా కట్టిన వాణిజ్య భవనాల మీద తరుగుదలని, అంటే భవనం పాతబడుతున్న కొద్దీ ఏటా తగ్గే విలువని, మొదటి ఏళ్ళలోనే ఎక్కువగా చూపించుకునే వీలు కల్పించారు. అంటే భవనం నిజంగా లాభంలో ఉన్నా కాగితం మీద నష్టం చూపించి, ఆ నష్టాన్ని వేరే ఆదాయంలో తగ్గించుకోవచ్చు. స్థలానికి తరుగుదల ఉండదు, భవనానికే ఉంటుంది. అందువల్ల చవక స్థలంలో కొత్త భవనం కట్టినవాడికి లాభం, ఖరీదైన డౌన్‌టౌన్ స్థలంలో పాత భవనం బాగుచేసుకునేవాడికి పెద్దగా ఏమీ లేదు. ఊరి బయట పొలాల్లో మాల్స్ దేశమంతటా ఎందుకు పుట్టుకొచ్చాయో ఇప్పుడు అర్థమైందా? నార్త్‌లాండ్ ఈ చట్టం కంటే ముందే ప్లాన్ చేసింది, దానికి ఇది కారణం కాదు. తర్వాత వచ్చిన వరదకి మాత్రం ఇదే పెద్ద గేటు.

రోడ్లు ఇంకొకటి. ఫ్రీవేలు ప్రభుత్వ డబ్బుతో వచ్చాయి. వుడ్‌వార్డ్ మీద ఆఖరి ట్రామ్ 1956 ఏప్రిల్‌లో ఆగిపోయింది. స్టోర్ ముందు మనిషిని దింపే బండి పోయింది, ఊరి బయటకి తీసుకెళ్ళే రోడ్డు వచ్చింది.

కృష్ణవేణి_యాన్‌ఆర్బర్:
ఈ చర్చ చదువుతుంటే ఒక వెలితి కనిపిస్తోంది, అందుకే రాస్తున్నా. "అందరికీ హడ్సన్స్ అంటే ప్రాణం" అని పాత కథలన్నీ చెప్తాయి. ఆ అందరిలో ఎవరెవరున్నారు?

నల్లజాతి వాళ్ళకి ఆ స్టోర్‌లో చాలా కాలం లిఫ్ట్ నడిపే పని, వంటగది, సామాన్లు మోసే పని, శుభ్రం చేసే పనే దొరికేది. కౌంటర్ వెనక నిలబడి అమ్మే ఉద్యోగం కోసం సంఘాలు ఏళ్ళ తరబడి ఒత్తిడి తెస్తే 1950ల్లో గానీ తలుపు కొంచెం తెరుచుకోలేదు. ఇది ఒక్క ఈ స్టోర్ లోపం కాదు, అప్పటి అమెరికా డౌన్‌టౌన్ స్టోర్లలో చాలావాటి తీరు అదే. అయినా చెప్పకుండా వదిలేయకూడదు.

మూర్తి గారు చెప్పిన ఫ్రీవే సంగతే చూడండి. డౌన్‌టౌన్ పక్కనే బ్లాక్ బాటమ్, పారడైజ్ వ్యాలీ అనే పేటలుండేవి. హేస్టింగ్స్ స్ట్రీట్ నిండా నల్లవాళ్ళ షాపులు, సంగీతం వినిపించే క్లబ్బులు. ఆ పేటలని చదును చేసి, హేస్టింగ్స్ స్ట్రీట్ ఉన్న దారిలోనే క్రైస్లర్ ఫ్రీవే వేశారు. డౌన్‌టౌన్‌కి నడిచి వచ్చేంత దగ్గర్లో ఉన్న వేలాది కుటుంబాలని అలా తోసేశారు. వాళ్ళు సబర్బ్‌లకి వెళ్ళే వీలు ఉందా అంటే అదీ లేదు. ప్రభుత్వ హామీ ఉన్న ఇంటి లోన్లు తెల్లవాళ్ళ పేటలకే. 1941లో ఎయిట్ మైల్ దగ్గర ఒక బిల్డర్ నల్లవాళ్ళ ఇళ్ళకీ తన లేఅవుట్‌కీ మధ్య గోడ కట్టాడు, ఆ గోడ ఉంటేనే లోన్లు వస్తాయని. గోడ ఇప్పటికీ ఉంది, వెళ్ళి చూడొచ్చు.

అందుకని 1967 అనేది ఆకాశం నుంచి ఊడిపడిన కారణం కాదు. పై రెండు మూడు పోస్టుల్లో చెప్పిన విధానాలే దాన్నీ తెచ్చాయి, స్టోర్‌నీ ఖాళీ చేశాయి. వుడ్‌వార్డ్_వాసి గారూ, మీ ఓనరు గారి భయం నిజమే అయ్యుంటుంది. ఆ భయంతో ఊరు విడిచి వెళ్ళే దారి ఆయనకుంది, హేస్టింగ్స్ స్ట్రీట్ మనిషికి లేదు.

వుడ్‌వార్డ్_వాసి:
వేణి గారూ, మీ మాటలో బలం ఉంది, కాదనను. నా వాదన ఒక్కటే, ఆ వేసవి లేకపోయి ఉంటే హడ్సన్స్ ఇంకొన్నేళ్ళు బతికి, మళ్ళీ జనం డౌన్‌టౌన్ల వైపు చూసే రోజుల దాకా నిలిచేదేమో. చికాగో స్టేట్ స్ట్రీట్‌లో మార్షల్ ఫీల్డ్స్ భవనం చూడండి. అదీ బ్లాక్ అంత భవనమే, ఇప్పుడు మేసీస్ పేరుతో తెరిచే ఉంది.

లెక్కలమాస్టారు:
చికాగోలో స్టోర్ గడప దగ్గరికి మెట్రో రైలు వస్తుంది. చుట్టూ లక్షలమంది ఆఫీసులకి రోజూ వస్తారు. 1968లో అక్కడా పెద్ద అల్లర్లు జరిగాయి, వెస్ట్ సైడ్ తగలబడింది. స్టేట్ స్ట్రీట్ కూడా దెబ్బతింది గానీ చావలేదు. అంటే తేడా అల్లర్లలో లేదు, రైల్లో ఉంది, మనుషుల రాకపోకల్లో ఉంది.

పైగా అన్నిచోట్లా నిలబడ్డాయని కాదు. ఫిలడెల్ఫియాలో వానమేకర్ భవనంలో చివరికి మేసీస్ నడిచేది, అదీ 2025 మార్చిలో మూతపడింది. 

బాలు_డియర్‌బోర్న్:
ఎవరూ జెండా గురించి చెప్పలేదేంటి! 1923లో స్టోర్ ముఖద్వారం వైపు గోడ మీద పెద్ద అమెరికా జెండా వేలాడదీశారు. అది పాతబడ్డాక 1949లో ఇంకా పెద్దది చేయించారు. 104 అడుగులు బై 235 అడుగులు. ప్రపంచంలోకెల్లా పెద్ద జెండా అనేవారు. 1976లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం సంస్థకి ఇచ్చేశారు. థ్యాంక్స్ గివింగ్ పరేడ్ కూడా 1924లో హడ్సన్సే మొదలుపెట్టింది, న్యూయార్క్ మేసీస్ పరేడ్ పుట్టిన ఏడాదే. స్టోర్ పోయినా పరేడ్ ఇప్పటికీ వుడ్‌వార్డ్ మీదే సాగుతోంది. మా పిల్లలని ప్రతి ఏడాదీ తీసుకెళ్తాను, ఎంత చలి ఉన్నా సరే.

స్ట్రక్చరల్_శ్రీను:
కూల్చివేత గురించి నేను చెప్తా, అది నా రంగం.

1983 తర్వాత భవనం పదిహేనేళ్ళు ఖాళీగా ఉంది. దొంగలు రాగి, ఇత్తడి ఊడదీసుకెళ్ళారు. అంత పెద్ద భవనాన్ని వేడి చేయకుండా మిషిగన్ చలిలో వదిలేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నీళ్ళు దిగి గడ్డకట్టి కరిగి, గడ్డకట్టి కరిగి లోపల్నుంచి తినేస్తాయి. 1998 అక్టోబర్ 24న పేల్చేశారు. 2,728 పౌండ్ల పేలుడు పదార్థం, 4,118 చోట్ల. అప్పటిదాకా అలా కూల్చిన ఒంటరి భవనాల్లో అంత పెద్దది లేదు. కష్టం ఎక్కడంటే, ముందు పాతమేడలు గారు చెప్పినట్టు అది ఒకే భవనం కాదు. 1911 నుంచి 1946 దాకా వేర్వేరు కాలాల్లో కట్టిన ఉక్కు చట్రాలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఏ చట్రం ఎటు వాలుతుందో ఒక్కోదానికి విడిగా లెక్క కట్టాలి. అన్ని జాగ్రత్తలు తీసుకున్నా శిథిలాలు పక్కనే ఉన్న పీపుల్ మూవర్ (డౌన్‌టౌన్ చుట్టూ స్తంభాల మీద తిరిగే చిన్న రైలు) పట్టాల మీద పడి దాన్ని దెబ్బతీశాయి. డౌన్‌టౌన్ అంతా దుమ్ము కమ్మింది.

నా అభిప్రాయం అడిగితే, ఆ ఉక్కు చట్రం పనికొచ్చేదే. అపార్ట్‌మెంట్లుగా మార్చడానికి వీలుండేది. ఇబ్బంది ఏంటంటే డిపార్ట్‌మెంట్ స్టోర్ అంతస్తులు చాలా లోతుగా ఉంటాయి, మధ్య భాగానికి కిటికీ వెలుతురు అందదు. నడుమ గుండా ఆకాశం కనిపించేలా పెద్ద బావిలా తొలిచి తెరవాలి. ఖర్చవుతుంది, అసాధ్యం కాదు. 1990ల డెట్రాయిట్‌లో ఆ అపార్ట్‌మెంట్లకి అద్దె కట్టేవాళ్ళు ఎంతమంది అన్నదే అప్పటి ప్రశ్న. ఇంకో పాతికేళ్ళు పైకప్పు కాపాడుకుని ఉంటే ఇవాళ ఆ ప్రశ్నే వచ్చేది కాదు. మిషిగన్ సెంట్రల్ రైల్వే స్టేషన్ అంతకంటే ఘోరంగా పాడైంది, 1988లో ఆఖరి రైలు వెళ్ళిపోయాక దశాబ్దాలు గాలికీ వానకీ నిలబడింది. ఫోర్డ్ కొని బాగుచేసి 2024లో తెరిచింది. దాన్ని కూల్చకుండా ఆపగలిగాం, దీన్ని ఆపలేకపోయాం. తలుచుకుంటే బాధేస్తుంది.

నోవై_నరేష్:
ఇంత సమాచారం వస్తుందని అనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. ఒక సందేహం మిగిలింది. డౌన్‌టౌన్ స్టోర్ పోయింది సరే, మాల్స్‌లో హడ్సన్స్ ఉండేవి కదా, అవేమయ్యాయి? ఇప్పుడు ఎక్కడా ఆ పేరు కనపడదు.

సుభద్ర_ట్రాయ్:
మా సోమర్‌సెట్ మాల్‌లో ఉన్నది హడ్సన్సే బాబూ. తర్వాత మార్షల్ ఫీల్డ్స్ అన్నారు, ఆ తర్వాత మేసీస్ అన్నారు. షాపు అదే, బోర్డు మారింది. నా క్రెడిట్ కార్డు మీద పేరు మారినప్పుడల్లా మా అమ్మాయి నవ్వేది.

పాతమేడలు:
సుభద్ర గారు చెప్పింది నిజం. వరస ఇదీ. 1969లో మినియాపొలిస్‌కి చెందిన డేటన్ కంపెనీతో హడ్సన్స్ కలిసి డేటన్ హడ్సన్ కార్పొరేషన్ అయింది. ఆ డేటన్ వాళ్ళకి కూడా గ్రూయెనే 1956లో సౌత్‌డేల్ కట్టిచ్చాడు, పూర్తిగా పైకప్పు కింద ఉన్న తొలి మాల్ అది. అదే డేటన్ వాళ్ళు 1962లో చవక ధరల స్టోర్ ఒకటి పెట్టారు. దాని పేరు టార్గెట్. కొన్నేళ్ళకి మొత్తం లాభంలో సింహభాగం టార్గెట్‌దే అయింది, 2000లో కంపెనీ పేరే టార్గెట్ కార్పొరేషన్‌గా మార్చేశారు. 2001లో హడ్సన్స్, డేటన్స్ బోర్డులు తీసేసి అన్నిటికీ మార్షల్ ఫీల్డ్స్ అని పెట్టారు. తర్వాత ఆ స్టోర్లని అమ్మేశారు, చేతులు మారి 2006లో మేసీస్ అయ్యాయి. నార్త్‌లాండ్ మాల్ కూడా 2015లో మూతపడింది. డౌన్‌టౌన్‌ని ఖాళీ చేసిన మాల్, డౌన్‌టౌన్ స్టోర్ పోయాక ముప్ఫై రెండేళ్ళకి తనూ పోయింది. గ్రూయెన్ చివరి రోజుల్లో అమెరికా మాల్స్ తన బిడ్డలు కావని బహిరంగంగానే అనేశాడు. ఆయన ఊహించింది ఇళ్ళు, బడులు, ఆసుపత్రులు, షాపులు కలిసి ఉండే ఊరి నడిబొడ్డు. కట్టినవాళ్ళకి షాపులూ పార్కింగూ చాలు అనిపించాయి.

బాలు_డియర్‌బోర్న్:
అంటే నేను వారం వారం టార్గెట్‌లో పాలు కొంటున్నది ఒక రకంగా హడ్సన్స్ వారసుల దగ్గరేనా?

పాతమేడలు:
కంపెనీ వంశావళి చూస్తే అవును, బాలు. డేటన్ వైపు రక్తం ఎక్కువ, హడ్సన్స్ వైపు తక్కువ.

కృష్ణవేణి_యాన్‌ఆర్బర్:
వారసులు అనడానికి నాకు మనసొప్పదు. ఆ స్టోర్ ఒక ఊరికి కట్టుబడి ఉండేది. దాని యజమానులు ఆ ఊళ్ళోనే ఉండేవారు, ఆ ఊరి సంఘాల్లో కూర్చునేవారు. హడ్సన్ మేనకోడలు ఎలెనార్ క్లే, హెన్రీ ఫోర్డ్ కొడుకు ఎడ్సెల్ ఫోర్డ్‌ని పెళ్ళాడింది, ఆ ఇద్దరూ ఆర్ట్ మ్యూజియంకి ఎంత చేశారో అందరికీ తెలుసు. 1969 తర్వాత పెద్ద నిర్ణయాలు మినియాపొలిస్‌లో జరిగాయి. ఒక్క డౌన్‌టౌన్ భవనం లెక్కల్లో ఎర్ర గీత అయితే అక్కడివాళ్ళకి దాన్ని మూసేయడం తేలికే. స్టోర్ ఎప్పుడు పోయిందని నన్నడిగితే 1983 కంటే 1969 అంటాను.

లెక్కలమాస్టారు:
ఇది మంచి పాయింట్. దీన్ని నా లెక్కల్లో ఎక్కడ పెట్టాలో తెలీదు గానీ, కాదని అనలేను.

సీపీఏ_మూర్తి:
కొత్త టవర్ గురించి కూడా ఒక మాట. ఆ స్థలం కూల్చివేత తర్వాత దాదాపు ఇరవై ఏళ్ళు, కింద పార్కింగ్ గరాజ్, పైన ఖాళీగా ఉంది. 2017 డిసెంబర్‌లో బెడ్‌రాక్ అనే రియల్ ఎస్టేట్ సంస్థ పని మొదలుపెట్టింది. టవర్ ఎత్తు 681 అడుగులు, నగరంలో రెనసాన్స్ సెంటర్ తర్వాత ఇదే. జనరల్ మోటార్స్ తన ప్రధాన కార్యాలయాన్ని అక్కడికి మారుస్తున్నట్టు 2024లో ప్రకటించింది. దీనికి 2022లో సిటీ కౌన్సిల్ పదేళ్ళకి 6 కోట్ల డాలర్ల పన్ను రాయితీ ఇచ్చింది, దాని మీద ఊళ్ళో పెద్ద గొడవే జరిగింది. 1954లో పన్ను చట్టం భవనాల్ని ఊరి బయటకి లాగింది, ఇప్పుడు అదే పన్నుతో వాటిని లోపలికి తెచ్చుకుంటున్నారు. రెండుసార్లూ బిల్లు కట్టింది జనమే. నేను ఆ రాయితీకి వ్యతిరేకిని కాదు, కానీ ఏం తిరిగొచ్చిందో పదేళ్ళ తర్వాత ఎవరైనా లెక్క చూడాలి.

వుడ్‌వార్డ్_వాసి:
కొత్త భవనానికి ఆ పేరు పెట్టడం నాకు నచ్చింది మూర్తి గారూ. పేరైనా మిగిలింది.

కృష్ణవేణి_యాన్‌ఆర్బర్:
పేరు పెట్టినవాళ్ళు లోపల ఎక్కడైనా లిఫ్ట్ నడిపిన ఆ ఉద్యోగుల ఫోటోలు కూడా పెడితే నాకూ నచ్చుతుంది.

నోవై_నరేష్:
ఆ పాత స్టోర్‌కి సంబంధించి ఇప్పుడు వెళ్ళి చూడగలిగేది ఏమైనా మిగిలిందా? పిల్లల్ని తీసుకెళ్దామని.

బాలు_డియర్‌బోర్న్:
నవంబర్‌లో పరేడ్‌కి రండి. ఉదయం త్వరగా వస్తేనే వుడ్‌వార్డ్ మీద ముందు వరస దొరుకుతుంది. పిల్లలకి చేతి తొడుగులు రెండు జతలు తెచ్చుకోండి.

స్ట్రక్చరల్_శ్రీను:
సౌత్‌ఫీల్డ్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళండి నరేష్. నార్త్‌లాండ్‌లో పిల్లలందరూ ఎక్కి ఆడుకున్న "బాయ్ అండ్ బేర్" శిల్పం ఇప్పుడు అక్కడుంది, మార్షల్ ఫ్రెడరిక్స్ చేసింది. అక్కణ్ణుంచి పాత నార్త్‌లాండ్ స్థలం కూడా దగ్గరే, అక్కడున్న హడ్సన్స్ భవనాన్ని ఇళ్ళుగా మార్చే పని చేపట్టారు. నేను పైన చెప్పిన లోతైన అంతస్తుల సమస్యని వాళ్ళు ఎలా పరిష్కరించారో చూడాలని నాకూ ఉంది. మీరు వెళ్ళే రోజు చెప్పండి, నేనూ వస్తాను.